బండి ఛాసిస్ నంబర్ ఒకసారి కొట్టి చూడండి

మూడేళ్ళ కిందటి మాట. మిర్యాలగూడ నుంచి నల్లగొండకు పోతున్నాను. వేములపల్లి దాటాక నా కారు ఇంజన్ చప్పుడు కూడా చేయకుండా ఆగిపోయింది. డెబ్బై మీద పోతున్న బండి. స్టీరింగ్ బిగుసుకుపోయింది, బ్రేక్ పెడల్ రెండు మూడు సార్లు తొక్కేసరికి చెక్కలా అయింది, అద్దంలో చూస్తే వెనకాలే వడ్ల లారీ. ఎట్లనో పక్కకు లాగి ఆపాను. లారీ డ్రైవర్ పోతూ పోతూ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

షెడ్డులో మేస్త్రి చూసి "పెట్రోల్ పంపు పోయిందన్నా, గంతే" అన్నాడు. కొత్తది వేశాడు, మజూరీతో కలిపి తొమ్మిది వేలు. బిల్లు అడగలేదు, ఎవరు అడుగుతారు? పాత పంపు మూలనున్న పాత ఇనుము డ్రమ్ములో పడింది. ఆరు నెలల తర్వాత మా బామ్మర్ది తన కారు ఛాసిస్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తూ ఉత్తిగనే నాది కూడా కొట్టాడు. నా కారుకు రీకాల్ ఉందని, పెట్రోల్ పంపు ఉచితంగా మార్చాల్సి ఉందని వచ్చింది! నాది హైదరాబాద్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ బండి, కంపెనీ ఉత్తరం మొదటి ఓనర్ ఇంటికి పోయింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "బిల్లు, పాత పార్టు ఉంటే పరిశీలిస్తాం సర్" అన్నారు. రెండూ లేవు. తొమ్మిది వేలు పోతే పోయినయి, ఆ లారీ డ్రైవర్‌కు ఒక్క క్షణం కునుకు పడి ఉంటే ఏంటని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఇది రాస్తున్నాను. రీకాల్ అంటే కంపెనీ బండిని వాపసు తీసుకుని డబ్బులిస్తుందని చాలామంది అనుకుంటారు, దాదాపు ఎప్పుడూ అట్లా ఉండదు. ఒక పార్టు తయారీలోనో డిజైన్‌లోనో తప్పు జరిగిందని తెలిశాక ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా తయారైన బండ్లను పిలిచి, చూసి, అవసరమైతే ఆ పార్టు ఉచితంగా మారుస్తారు. షోరూముల్లో దీన్ని ఎక్కువగా "సర్వీస్ క్యాంపెయిన్" అంటారు, కాబట్టి కౌంటర్ దగ్గర "రీకాల్ ఉందా" అని అడిగితే లేదని చెప్పి పంపేయొచ్చు. రెండు మాటలూ వాడండి. నా పంపు లాంటి కథలు చాలానే ఉన్నాయి. పంపు లోపల చిన్న ప్లాస్టిక్ చక్రం ఉంటుంది, సరిగ్గా తయారు కాకపోతే అది పెట్రోల్ పీల్చుకుని ఉబ్బి ఇరుక్కుపోతుంది, ఇంజన్‌కు పెట్రోల్ అందదు. 2020 జూన్‌లో హోండా మన దేశంలో 65,651 కార్లను పెట్రోల్ పంపు కోసమే పిలిచింది. 2024 మార్చిలో మారుతి 11,851 బాలెనోలను, 4,190 వ్యాగన్ఆర్‌లను పంపు మోటార్ కోసం పిలిచింది, అవన్నీ 2019లో తయారైనవి. అంటే బండి రోడ్డెక్కిన నాలుగైదేళ్ళకు గానీ విషయం బయటికి రాలేదు. వారంటీ అయిపోయింది కదా, నాకేం లేదులే అనుకోకండి, రీకాల్‌కు వారంటీతో సంబంధం లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆర్సీ తీయండి, అందులో ఛాసిస్ నంబర్ ఉంటుంది, 17 అక్షరాలు, అంకెలు. ఇన్సూరెన్స్ పేపర్ మీద కూడా ఉంటుంది. బండి మీద చూడాలంటే కొన్నింటికి ముందు అద్దం కింది మూల, కొన్నింటికి డ్రైవర్ డోర్ తెరిచినప్పుడు కనిపించే పిల్లర్ మీద, కొన్నింటికి ముందు సీటు కింద కార్పెట్ లేపితే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ అయితే ఆర్సీ మీదిదీ బండి మీదిదీ ఒకటేనా అని కూడా పనిలో పని చూసుకోండి. కొట్టేటప్పుడు ఒక చిన్న కిటుకు, ఛాసిస్ నంబర్‌లో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటితో సున్నాతో కలిసిపోతాయని. కాబట్టి గుండ్రంగా ఏది కనిపించినా సున్నానే. మా బాబాయి ఓ కొట్టి కొట్టి "నంబర్ తప్పు" అని వస్తే సైట్ పనిచేయట్లేదని వదిలేశాడు.

మీ కారు కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ అనో సర్వీస్ క్యాంపెయిన్ అనో ఒక పేజీ ఉంటుంది, నంబర్ అక్కడ కొట్టాలి. దొరకకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి నంబర్ చదివి వినిపించండి. కార్ల కంపెనీల సంఘం సియామ్ వెబ్‌సైట్‌లో కూడా ఏ కంపెనీ ఏ మోడల్‌ను పిలిచిందో జాబితా ఉంటుంది, కానీ అందులో మోడల్, తేదీలు చూసి "నాది కాదులే" అని తేల్చుకోకండి, ఒకే నెలలో తయారైన రెండు కార్లలో ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. వచ్చిన జవాబు ఉన్నా లేకున్నా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆరు నెలలకోసారి మళ్ళీ చూడండి, సర్వీసింగ్‌కు ఇచ్చిన రోజే చూస్తే గుర్తుంటుంది.

సెకండ్ హ్యాండ్ బండ్లవాళ్ళు ఇంకో పని చేయాలి. మన దగ్గర ఎంతమంది 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, ఆర్సీ పేరు మార్చకుండా ఏళ్ళకేళ్ళు నడుపుతారో మీకు తెలుసు. ఉత్తరం పాత ఓనర్‌కే పోతుంది, మెసేజ్ పాత నంబర్‌కే పోతుంది. పేరు మార్పించుకోండి, అది వేరే చెప్పాలా. అదయ్యేలోపు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ ఛాసిస్ నంబర్ మీద మీ పేరు, ఫోన్, ఊరు ఎక్కించమనండి. పది నిమిషాల పని.

రీకాల్ ఉందని తేలితే మొదటి ప్రశ్న "ఎప్పుడు తేవాలి" కాదు, "అప్పటిదాకా నడపొచ్చా" అని అడగాలి. 2023 జనవరిలో మారుతి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 బండ్లను పిలిచినప్పుడు పార్టు మార్చేదాకా నడపొద్దనే చెప్పింది. అట్లాంటప్పుడు బండిని వాళ్ళే వచ్చి తీసుకుపోవాలని గట్టిగా అడగండి. కొన్నిసార్లు నడపొచ్చు కానీ ఫలానా పని చేయొద్దంటారు. 2021 సెప్టెంబర్‌లో అదే కంపెనీ 1,81,754 సియాజ్, ఎర్టిగా, బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్ఎల్6 పెట్రోల్ బండ్లను మోటార్ జనరేటర్ యూనిట్ అనే కరెంటు పార్టు కోసం పిలిచి, మార్చేదాకా నీళ్ళు నిలిచిన చోట పోనివ్వద్దని, కరెంటు భాగాల మీద నీళ్ళు కొట్టొద్దని చెప్పింది. మన దగ్గర వాటర్ సర్వీసింగ్‌లో బానెట్ లేపి పైపు పెట్టి కొడతారు కదా, అదన్నమాట.

పోయే ముందు ఫోన్ చేసి పార్టు వచ్చిందా అని అడిగి, రోజు ఖాయం చేసుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో మీ కంపెనీ వర్క్‌షాప్ లేకుంటే ఎల్బీనగర్ వైపు పోవాల్సి వస్తుంది, పార్టు లేక వాపస్ వస్తే రోజంతా పాయె. బండి ఎక్కడ కొన్నా సరే, ఆ కంపెనీ వర్క్‌షాప్ ఏదైనా రీకాల్ పని చేయాలి, పైసా తీసుకోవద్దు. జాబ్ కార్డు మీద క్యాంపెయిన్ పని అని స్పష్టంగా రాయించండి, "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి. దాంతోపాటు ఏసీ క్లీనింగ్, అలైన్‌మెంట్, ఇంకేదో కోటింగ్ అని ఒక లిస్ట్ ముందు పెడతారు, వద్దంటే వద్దనండి. పని అయ్యాక ఏ పార్టు మార్చారో రాసి ఉన్న కాగితం చేతికి తీసుకోండి. బండి అమ్మేటప్పుడు అది పనికొస్తుంది.

పాత బండి ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. జపాన్‌కు చెందిన టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులు ప్రపంచమంతా కోట్ల బండ్లలో పడ్డాయి. గాలి సంచిని ఉబ్బించడానికి లోపల అమ్మోనియం నైట్రేట్ మందు పెట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ వేడికి, గాలిలో తేమకు అది చెడిపోయి, గుద్దినప్పుడు మరీ జోరుగా పేలి ఇనుప డబ్బా పగిలి ముక్కలు డ్రైవర్ మీదికే వస్తాయి. ప్రాణం కాపాడాల్సిన సంచే బాంబు అయింది. ఆ దెబ్బకు 2017లో టకాటా దివాలా తీసింది. హోండా మన దేశంలో కూడా పాత సిటీ, జాజ్, సివిక్, అకార్డ్‌లను పలుమార్లు పిలిచింది. ఇది వయసు పెరిగేకొద్దీ ఎక్కువయ్యే ప్రమాదం, మన మే నెల ఎండల గురించి వేరే చెప్పక్కర్లేదు. పాత సిటీ లక్షన్నరకో రెండు లక్షలకో వస్తుందని కొన్న పిల్లగాళ్ళు ఉంటే ఈ రోజే నంబర్ కొట్టండి.

ఎయిర్‌బ్యాగ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. తాళం తిప్పగానే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే లోపల ఏదో లోపం ఉన్నట్టు, గుద్దినప్పుడు తెరుచుకోకపోవచ్చు. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి, యాక్సిడెంట్ బండిలో పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ మళ్ళీ వేయకుండా మూత అతికించి, లైట్ తీసేసి అమ్మేవాళ్ళు ఉన్నారు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు పెయింట్ మందం చూడ్డం కన్నా ముందు ఈ లైట్ చూడండి.

పార్టు లోపమా, మన నిర్లక్ష్యమా అన్నది మీకు మీరే నిజాయితీగా తేల్చుకోవాలి, ఎందుకంటే కంపెనీ మొదట వెతికేది అదే. మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, బిందె అడుగున తెల్లగా గార కడతది. ఆ నీళ్ళే కూలెంట్ బదులు రేడియేటర్లో పోస్తే లోపల కూడా అట్లనే కట్టి ఇంజన్ వేడెక్కుతుంది, దానికి కంపెనీని ఏమనలేం. వడ్ల బస్తాల పక్కన పెట్టిన కారులో ఎలుకలు వైర్లు కొరికితే, బయట కట్ చేసి హారన్, ఫాగ్ లైట్లు పెట్టించుకుంటే, బయట గ్యాస్ కిట్ వేయించుకుంటే, రేపు పొగ వచ్చినా మంట వచ్చినా వాళ్ళు చూపించేది ఆ టేప్ చుట్టిన వైరునే. పెద్ద బుల్‌గార్డ్ పెడితే ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకు దెబ్బ సరిగ్గా అందకపోవచ్చు, పైగా 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వాటి మీద చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు చెప్పింది. కాలి కింద మ్యాట్ మీద మ్యాట్ వేసుకోవడం ఇంకోటి, అది ముందుకు జారి యాక్సిలరేటర్‌ను పట్టుకుంటుంది. 2009లో టయోటా అమెరికాలో లక్షల బండ్లను పిలవడానికి ఒక కారణం మ్యాట్లే.

తాళాల గుత్తి కూడా! నవ్వకండి. జనరల్ మోటార్స్ అమెరికాలో అమ్మిన చిన్న కార్లలో తాళం పెట్టే స్విచ్ వదులుగా ఉండి, గుత్తి బరువుకో గుంతలో ఎగిరినప్పుడో తిరిగిపోయి ఇంజన్ ఆగేది, దాంతో ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేసేవి కావు. 2014లో రీకాల్ మొదలయ్యేసరికి ఏళ్ళు గడిచాయి, చివరికి కంపెనీ పరిహారం ఇచ్చిన లెక్కలోనే 124 మరణాలు ఉన్నాయి. మనవాళ్ళు కారు తాళానికి ఇంటి తాళం, బీరువా తాళం, షాపు షట్టర్ తాళం, దేవుడి బిళ్ళ అన్నీ వేలాడదీస్తారు. విడదీయండి.

నడుస్తుండగా ఏదైనా అయితే ఏం చేయాలన్నది ఇంట్లో కూర్చుని ఒకసారి తలచుకుని పెట్టుకోండి, ఆ క్షణంలో ఏమీ గుర్తు రాదు. ఇంజన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది, రెండు చేతులతో బలంగా తిప్పాలి. బ్రేక్‌కు ఒకటి రెండు తొక్కులకు సరిపడా సాయమే మిగిలి ఉంటుంది, నాలాగా పదే పదే తొక్కకుండా ఒక్కసారి తొక్కి పట్టుకోండి. అదే బ్రేక్ పెడల్ మెత్తగా కిందికి పోతే మాత్రం గబగబా పంపు కొట్టినట్టు తొక్కాలి, గేర్లు ఒక్కొక్కటిగా దించాలి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగాలి. యాక్సిలరేటర్ ఇరుక్కుంటే న్యూట్రల్‌లో వేసి బ్రేక్ గట్టిగా తొక్కండి, ఇంజన్ అరిచినా పర్వాలేదు. బండి కదులుతుండగా తాళం తీసేయొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. టైరు పేలితే బ్రేక్ మీద కాలు వేయొద్దు, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని వేగం తగ్గనివ్వండి. విజయవాడ హైవే మీద చిట్యాల, నకిరేకల్ వైపు మధ్యాహ్నం పూట, జడ్చర్ల దాటి కర్నూలు వైపు కూడా, టైరు పీలికలు ఎన్ని కనిపిస్తాయో చూస్తూనే ఉంటారు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. అరగకపోయినా ముసలిదైపోయిన టైరు ముసలిదే. పెట్రోల్ వాసనో పొగో వస్తే ఆపి, ఇంజన్ బంద్ చేసి, అందరూ దిగి దూరం జరగండి, బానెట్ తెరవకండి, గాలి తగిలి మంట లేస్తుంది. హైవే మీదైతే 1033, ఎక్కడైనా 112.

ఇక ప్రమాదమే జరిగిందనుకోండి, మనుషుల సంగతి చూశాకే మిగతావి. కానీ ఆ రోజే ఒకరైనా ఫోటోలు తీయాలి. మీటర్లో వెలిగిన లైట్లు, తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్, పెట్టుకున్న సీటు బెల్టు, విరిగిన ముక్క, రోడ్డు మీద గుర్తులు. బండి పోలీస్ స్టేషన్‌లో ఉంటే ఎంవీఐ, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్, మన పెద్దలు బ్రేకిన్‌స్పెక్టర్ అనేవారు, ఆయన వచ్చి చూసి రిపోర్ట్ రాస్తాడు. మీకు పార్టు మీద అనుమానం ఉంటే ఆయన రాకముందే ఎస్సైకి కాగితం మీద రాసి ఇవ్వండి, ఫలానా భాగం ప్రత్యేకంగా చూడమని. రిపోర్ట్‌లో "యంత్ర లోపం లేదు" అని ఒక్క లైన్ పడితే తర్వాత దాన్ని కదిలించడం చాలా కష్టం. విరిగిన పార్టు షెడ్డులో వదలకండి, ఇన్సూరెన్స్ వాళ్ళకు తుక్కు కింద ఇచ్చేయకండి. కంపెనీవాళ్ళు పరీక్షకు కావాలంటే, పార్టు నంబర్ రాయించుకుని, ఫోటో తీసి, తీసుకున్నట్టు సంతకం చేయించుకుని ఇవ్వండి. ఉచితంగా చేసిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అంటూ ఒక కాగితం ఇస్తే పూర్తిగా చదవండి, ఇక ఏ క్లెయిమూ లేదని ఒప్పుకునే వాక్యం అందులో ఎక్కడో ఉంటుంది.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోని ప్రతిసారీ లోపమే అని కాదు, వెనక నుంచి గుద్దినా మెల్లగా గుద్దినా ముందువి తెరుచుకోవు. కానీ కంపెనీ చెప్పిందే వేదం కూడా కాదు. 2015లో కొన్న ఒక హ్యుందాయ్ క్రెటా 2017 నవంబర్‌లో ఢిల్లీ-పానిపట్ హైవే మీద ప్రమాదానికి గురైంది, ముందు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తెరుచుకునేంత బలంగా తగల్లేదని కంపెనీ వాదించింది. వేగం, బలం లెక్కలు కట్టడానికి కొనేవాడు భౌతికశాస్త్ర నిపుణుడు కాదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కారు యజమాని వైపే తీర్పు చెప్పింది.

చట్టం సంగతి క్లుప్తంగా. 2012 జూలై నుంచి కంపెనీలు తమంతట తాము రీకాల్ చేయడం మొదలైంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఏ సెక్షన్ చేర్చి, రీకాల్ చేయమని ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి, ఏడేళ్ళ లోపు బండ్లకు, నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే కేంద్రం రీకాల్‌కు ఆదేశించొచ్చు, అట్లా ఆదేశించాల్సి వస్తే కంపెనీకి 10 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. బాగా అమ్ముడయ్యే కార్లకు ఆ సంఖ్య వెయ్యి దాటాలి, అందుకే మీ ఒక్కరి ఫిర్యాదుతో ఏమవుతుందని ఊరుకోకుండా వాహన్ పోర్టల్‌లో పెట్టండి, మీ మోడల్ ఉన్న దోస్తులతో కూడా పెట్టించండి. మీ సొంత నష్టం కోసమైతే దారి వేరే. ముందు కంపెనీకి ఈమెయిల్, దాంతోపాటు రిజిస్టర్డ్ పోస్టు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, నల్లగొండలో ఉంది, మహబూబ్‌నగర్‌లో ఉంది. షోరూమ్ హైదరాబాద్‌లో ఉన్నా, కంపెనీ ఆఫీసు ఇంకెక్కడో ఉన్నా, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. బండికి ఇచ్చిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతిలో కూడా వేయొచ్చు. రెండేళ్ళ లోపు వేయాలి, షోరూమ్ మేనేజర్ "పైవాళ్ళకు పంపాం సర్" అంటూ తిప్పుతుంటే ఆ రెండేళ్ళు ఇట్టే గడుస్తాయి. కమిషన్ ముందు నిలబడేది నిపుణుడి రిపోర్ట్, జాబ్ కార్డులు, ఆ విరిగిన ముక్క. మన కోపం కాదు.

టూవీలర్లవాళ్ళు ఇదంతా కార్లకే అనుకోవద్దు. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ కోసం 2,36,966 బండ్లను పిలిచింది. 2022 ఏప్రిల్‌లో మంటల గొడవ తర్వాత ఓలా 1,441 ఎలక్ట్రిక్ స్కూటర్లను వెనక్కి పిలిచింది. స్కూటర్‌కు కూడా ఛాసిస్ నంబర్ ఉంటుంది, కొట్టి చూడండి. బ్యాటరీని మంచం పక్కన పెట్టి రాత్రంతా చార్జింగ్ పెట్టే అలవాటు మానుకోండి.

నా కారు మొన్న దసరాకు అమ్మేశాను, దేవరకొండ దిక్కు తమ్ముడు ఒకతను కొన్నాడు. డబ్బులు లెక్కపెట్టుకోకముందే అతని ముందు ఛాసిస్ నంబర్ కొట్టి చూపించాను, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి నా నంబర్ తీయించి అతని నంబర్ ఎక్కించాను. "గిదంతా ఎందుకన్నా, బండి మంచిగనే ఉంది గదా" అన్నాడు. వేములపల్లి కాడ వడ్ల లారీ సంగతి చెప్పాను. ఫోన్ తీసి, వాళ్ళ నాన్న ట్రాలీ ఆటో ఆర్సీ ఫోటో పంపమని ఇంటికి మెసేజ్ పెట్టాడు.